బొమ్మ చూసి కుట్టిన గుడారం

"మెషీన్ కుట్టని ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. పొద్దుటినుంచి అదే మాట అంటున్నాను.

"నాకు తెలిసిందిగా" అన్నాడు జెనోన్. గుడ్డని కిటికీ దగ్గరికి లాక్కుపోయి కుట్టు వెంట చూపుడువేలు పోనిస్తున్నాడు. పిల్లాడి పొట్ట నొక్కి చూసే డాక్టరులా మొహం పెట్టాడు.

"కుట్టు చూసి తెలిసిందా నీకు? నిన్న ఆఫీసు నుంచి రాగానే మెషీన్ మీద చెయ్యి వేశావు. వెచ్చగా తగిలింది. అలా తెలిసింది."

"కుట్టు చూసినా తెలుస్తుంది రెనాతా. అన్నీ ఒకే పొడుగు. మనిషి చేతికి అన్నీ ఒకే పొడుగు రావు."

"అయితే మెషీన్ మీదే వంకర టింకరగా కుట్టి పెడతాను, సరేనా?"

వంటింట్లో బంగాళదుంపల చెక్కు తీస్తున్న మా అత్తగారు లియోకాదియా అక్కడినుంచే అందుకున్నారు. "పెళ్ళాం నుదుటి మీద ఏనాడూ చెయ్యి వేసి చూడనివాడు, మెషీన్‌కి జ్వరముందో లేదో చూశాడు."

"అమ్మా, నువ్వు మధ్యలోకి రాకు."

"నేనెక్కడ వచ్చాన్రా మధ్యలోకి? భోజనాల బల్ల మీ గుడారానికి ఇచ్చేశాం. మనుషులం వంటింట్లో నిలబడి తింటున్నాం. మధ్యలోకి రావడానికి చోటేదీ ఇంట్లో?"

జెనోన్ చిన్న కత్తి తీసుకుని, ముందురోజు మధ్యాహ్నమంతా కూర్చుని నేను కుట్టిన కుట్టుని పావుగంటలో విప్పేశాడు. విప్పడంలో అతని చెయ్యి మహా చురుకు. కుట్టడంలోనే ఎందుకో సూది పట్టుకోగానే ఫోను మోగుతుంది, లేదా దారానికి రాసే తేనెమైనం అయిపోయిందని గుర్తొస్తుంది.

మా తోరున్ ఊళ్ళో ఆదివారాలు ఇనుప తొడుగులు వేసుకుని కత్తులు తిప్పేవాళ్ళకి ఓ దళం ఉంది. నల్లకొంగ దళం. జెనోన్ అందులో పాతికేళ్ళుగా ఉన్నాడు. వేసవిలో గ్రున్వాల్డ్ మైదానంలో ఆరువందల ఏళ్ళ కిందటి యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపించే ఆటకి ఏటా దళమంతా వెళ్ళి, వారం రోజులు ఆ కాలం మనుషుల్లాగే బతుకుతుంది. కంటికి కనిపించే కుట్టు ఏదైనా సరే చేత్తో కుట్టిందే అయి ఉండాలన్నది దళం నియమం. బట్టలకైతే లోపలి మడతల్లో ఒకటో రెండో మెషీన్ కుట్లు దాచేయవచ్చు. గుడారానికి ఆ వీలు లేదు. బయటినుంచి వచ్చేపోయే వాళ్ళు చూస్తారు, లోపలినుంచి పడుకున్నవాళ్ళు చూస్తారు. కిందటేడు దళపతి బోగుష్ ఒక కొత్త జంట గుడారంలో తాళ్ళు దూర్చే కన్నాలకి ఆ కాలంలో లేని ఇత్తడి రింగులున్నాయని దాన్ని విప్పించేశాడు. పాపం ఆ ఇద్దరూ చెట్ల వెనక కారులో పడుకున్నారు.

ఇంత గొడవ ఎందుకు, నువ్వు వెళ్ళడం మానేయవచ్చు కదా అని మా క్లినిక్‌లో నాతో రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి అంటూ ఉంటుంది. మానలేను. ఏడాదంతా పళ్ళు నొప్పెట్టే వాళ్ళకి టైము రాసిచ్చే పని నాది. ఆ వారం మాత్రం పెద్ద రాగి బాన పొయ్యి మీద పెట్టి ఉల్లిపొట్టుతో, వాల్‌నట్ తొక్కలతో, మంజిష్ఠ వేరుతో ఉన్ని దారాలకి రంగులు వేస్తాను. మిగతా దళాల ఆడవాళ్ళు వచ్చి నా బాన చుట్టూ కూర్చుంటారు. సాయంత్రానికి నా చేతులు మోచేతులదాకా పసుపుగా ఉంటాయి. ఆ వారం కోసం మిగతా ఏడాదంతా సర్దుకుపోతాను.

పగళ్ళు అలా ఉంటాయి. రాత్రుళ్ళే నావల్ల కావడం లేదు. మా దళానికి ఉన్నది ఒకటే పెద్ద గుడారం. అందులో పదిమందిమీ గడ్డి పరుపుల మీద వరసగా పడుకోవాలి. బోగుష్ గురక పెడితే గుడారం స్తంభానికి వేలాడదీసిన దీపం ఊగుతుంది. బట్టలు మార్చుకోవాలంటే కంబళి కప్పుకుని, దాని కిందే పాములా మెలికలు తిరగాలి. కిందటేడు ఎవరో చీకట్లో నా జడ మీద బూటుతో తొక్కి, "క్షమించు బోగుష్" అని వెళ్ళిపోయాడు. నా నడుము పట్టేసి, తిరిగొచ్చాక పదిరోజులు వంగలేకపోయాను. అప్పుడే జెనోన్‌తో చెప్పాను. మనకంటూ సొంత గుడారం, అందులో నాకో మంచం, మూసుకోవడానికో తలుపూ ఉంటే వస్తాను, లేకపోతే ఇక రానని.

జెనోన్ వెంటనే ఒప్పుకున్నాడు. నా ఖర్మ, మరీ ఇష్టంగా ఒప్పుకున్నాడు.

అతను నగరపాలక సంస్థలో భూములు కొలిచే సర్వేయరు. పగలంతా లేజరు యంత్రంతో వెంట్రుకవాసి తేడా రాకుండా కొలుస్తాడు. ఇంటికొచ్చాక మాత్రం మీటరు పేరెత్తకూడదు. ఆ కాలంలో మీటరు లేదుట. ఓ కర్ర చెక్కి, దాని మీద గీతలు కోసి, ఇది మన పాత ప్రష్యా మూర, గుడారం కొలతలన్నీ దీనితోనే అన్నాడు. నా టేపు తీసి బీరువా పైన పెట్టేశాడు.

"మూరలైతే మూరలు. మొత్తం ఎంతొస్తుందో ఓసారి మీటర్లలో చెప్పు" అన్నాను కోయబోయే ముందు.

"అలా చెప్పడం మొదలుపెడితే మనం ఆ కాలంలో ఆలోచించడం మానేసినట్టే."

"నేను ఈ కాలంలోనే పడుకోవాలి జెనోన్. నా నడుము ఈ కాలందే."

"రెనాతా, లెక్కంతా నేను వేశాను. సర్వేయర్ని."

కొలతలు ఎక్కడివంటే ఒక పాత రాజుల చరిత్ర పుస్తకంలోని బొమ్మలోవి. ఏదో మ్యూజియంలో ఉన్న చేతిరాత పుస్తకమట. జెనోన్ దాన్ని పెద్దదిగా అచ్చు వేయించి హాల్లో గోడకి అంటించాడు. ఎరుపు, తెలుపు చారల గుండ్రటి గుడారం. పైన బంగారు గుండు. తలుపు తెర పక్కకి తీసి ఉంది. లోపల కిరీటంతో రాజు, పక్కన రాణి, వెనకాల పళ్ళెం పట్టుకుని ఒక అమ్మాయి. రాజుని తన పొడుగే అనుకుని, ఆ లెక్కన గోడ ఎంత, తలుపు ఎంత, కప్పు ఎంత అని జెనోన్ అన్నీ మూరల్లోకి మార్చాడు.

"ముగ్గురికి సరిపోతుందా?" అని అడిగాను.

"బొమ్మలో ముగ్గురున్నారు. మనమూ ముగ్గురమే. నువ్వు, నేను, ఇగా."

మా అమ్మాయి ఇగా హెడ్‌ఫోన్ ఒక చెవిలోంచి తీసింది. "పళ్ళెం పట్టుకున్నది నేనా?"

"అది ఉదాహరణకి."

"రాణిగారు అస్తమానం సూది పట్టుకునే ఉంటుంది, రాజుగారు అస్తమానం గోడకేసి చూస్తూ ఉంటారు. పళ్ళెం పట్టుకునేది నేనే అయ్యుంటాను" అని మళ్ళీ చెవిలో పెట్టేసుకుంది.

చలికాలం పోయేదాకా కోతలు, వసంతమంతా కుట్లు. పైకప్పు లంగా కళీల్లా పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన ముక్కలతో వస్తుంది. ఒక్కొక్క అతుకుకీ రెండు అంచులనీ ఒకదానిలో ఒకటి మడిచి, ఇటొకసారి, అటొకసారి కుట్టాలి. లేకపోతే వాన నీళ్ళు దారపు కన్నాల్లోంచి దిగుతాయి. ఆ లినెన్ గుడ్డ గోనెపట్టాలా మందం. వేలికి తొడిగే అంగుస్తానా చాలక, అరచేతికి తోలు పట్టీ కట్టుకుని సూదిని తోసేదాన్ని. క్లినిక్ నుంచి రాగానే చెప్పులు విప్పి నేరుగా బల్ల దగ్గర కూర్చునేదాన్ని. సూప్‌లో దారపు ముక్కలు వచ్చేవి. అత్తగారు టీవీ సీరియల్ చూస్తూ అంచులు మడిచి పెట్టేవారు, మడిచి పెడుతూ తిట్టేవారు. సీరియల్‌లో వాళ్ళనో జెనోన్‌నో ఒక్కోసారి తెలిసేది కాదు.

ఇగా తాళ్ళ కన్నాల చుట్టూ దారం చుట్టింది, చాలా చక్కగా. "దీనికి నాకు ప్రాజెక్టు కింద మార్కులు వేస్తారా అని బళ్ళో అడుగుతాను" అంది. జెనోన్ చేసిందేమిటంటే దారాలకి మైనం రాసి కుచ్చులుగా గోడకి వేలాడదీయడం, బొమ్మకి దగ్గరగా నిలబడి, "చార మధ్యలోంచి కాదు, చార అంచు మీంచి పోవాలి కుట్టు" అని చెప్పడం.

మా ఫ్లాటు చిన్నది. మొత్తం గుడ్డని ఒకేసారి పరిచి చూసే చోటు లేదు. ఎప్పుడూ ఒడిలో ఓ ముక్క, మిగతాదంతా బల్ల కింద కుప్ప. ఒకసారి కుప్పంతా ఎత్తి కుర్చీలో పెట్టబోతే సులువుగా లేచింది.

"ముగ్గురు పడుకునే గుడారం నేనొక్కదాన్నీ ఎలా ఎత్తాను జెనోన్?"

"చేతిలో ఉన్నప్పుడు అలాగే ఉంటుంది. నిలబెడితే విచ్చుకుంటుంది."

అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "పిండి పులిసినట్టు పొంగుతుంది కాబోలు."

జూన్ చివరి ఆదివారం నిలబెట్టి చూద్దామనుకున్నాం. విస్తులా గట్టు దగ్గర మాకో తోట ముక్క ఉంది. నాలుగు టమాటా మళ్ళు, ఒక చెర్రీ చెట్టు, పనిముట్ల గది. బోగుష్ అద్దె వ్యానులో స్తంభం, కప్పుని గొడుగులా విప్పి పట్టే చువ్వలు, మేకులు తెచ్చాడు. ఇవన్నీ జెనోన్ కొలతల ప్రకారం దళం వడ్రంగి చేసినవి. నా మంచం కూడా తెచ్చాడు. మేకు లేకుండా చీలలతో బిగించే మడతమంచం. దాన్ని తెచ్చినందుకు బోగుష్ గురకని సగం క్షమించాను.

జెనోన్, బోగుష్ కలిసి స్తంభం లేపారు. నేను, ఇగా తాళ్ళు లాగి మేకులకి కట్టాం. చారలు ఒక్కొక్కటే బిగుసుకుంటూ నిలబడ్డాయి. కప్పు అంచున కత్తిరించి కుట్టిన తోరణం గాలికి కదిలింది. పైన గుండు మెరిసింది. పక్క తోటలో క్యాబేజీలకి నీళ్ళు పోస్తున్న ముసలాయన పైపు వదిలేసి చూస్తూ ఉండిపోయాడు.

నిజం చెప్పాలి, అంత అందమైన గుడారం నేను గ్రున్వాల్డ్‌లో కూడా చూడలేదు. అచ్చం గోడ మీది బొమ్మే.

కొలత కూడా అచ్చం బొమ్మలోదే.

జెనోన్ తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు పై అంచు అతని రొమ్ము దాకా వచ్చింది. గోడ భుజాల దాకా వచ్చింది.

"లోపలికి వెళ్ళి చూద్దాం" అన్నాడు జెనోన్. వంగి దూరాడు. వెనకే నేను దూరాను. ఇగా కూడా వచ్చింది. కప్పు వాలుగా ఉంది, తల ఎత్తగలిగేది స్తంభం దగ్గరే. దాని చుట్టూ ముగ్గురం ఒకరి మోచెయ్యి ఒకరి పక్కలో పెట్టుకుని నిలబడ్డాం. కదలాలంటే ముగ్గురం ఒకేవైపు కదలాలి.

"నిలబడటానికి ముగ్గురం సరిపోయాం" అన్నాడు జెనోన్.

"బస్సులో కూడా సరిపోతాం నాన్నా."

"ఆ కాలంలో మనుషులు పొట్టిగా ఉండేవాళ్ళు."

"మరి రాజుకి నీ పొడుగే కదా పెట్టావు?" అన్నాను.

జెనోన్ జేబులోంచి బొమ్మ చిన్న ప్రతి తీశాడు. దాన్నీ గోడనీ మార్చి మార్చి చూశాడు. ఇగా దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది.

"ఇక్కడ వెనకాల చూడు. ఇది కోట. దీని బురుజు ఈ గుర్రం మోకాలి దాకా ఉంది. ఇదిగో ఓడ, ఇందులో ఇద్దరు కూర్చుంటే నిండిపోయింది. బొమ్మ వేసినాయనకి మొహాలు కనబడాలి నాన్నా. మొహాలు పెద్దగా వేసి మిగతావన్నీ మిగిలిన చోట్లో ఇరికించాడు. నువ్వు కోటని కొలిచి ఉంటే మనకి కుక్కగూడు వచ్చేది."

అది విని బయటినుంచి బోగుష్ నవ్వాడు. తర్వాత దగ్గాడు. తల ఒక్కటే లోపలికి పెట్టి కప్పు అతుకుల మీద వేలు పోనిచ్చాడు. "కుట్టుకి మాత్రం వంక పెట్టడానికి లేదు రెనాతా. దళం మొత్తంలో ఇలాంటి పని లేదు. నియమం ప్రకారం ఇది గుడారమే." తర్వాత జెనోన్ వైపు చూసి, "మా గుడారంలో నీ పరుపు చోటు అలాగే ఉంది" అని, వ్యాను మధ్యాహ్నంలోగా తిరిగి ఇచ్చేయాలని వెళ్ళిపోయాడు.

మిగిలింది మేం నలుగురం. అత్తగారు చెర్రీ చెట్టు కింద బల్ల మీద బంగాళదుంపల సలాడ్, ఉప్పులో ఊరేసిన దోసకాయలు, చల్లటి సాసేజీ పెట్టి, ఈగలు వాలకుండా గిన్నెల మీద గుడ్డ కప్పారు. ఆవిడకి ఎత్తు తక్కువ. తలుపులోంచి తల కాస్త వంచి లోపలికీ బయటికీ ఓసారి వెళ్ళొచ్చి, "నాకు సరిగ్గా ఉంది" అన్నారు.

"మీరెప్పుడూ రారు కదా అత్తయ్యా."

"నేల మీద పడుకుని పురుగులు కుట్టించుకోవడానికి నేనెందుకొస్తాను? సరిగ్గా ఉందన్నానంతే."

జెనోన్ గుడారం చుట్టూ తిరుగుతున్నాడు. అతని నడక నాకు తెలుసు. తప్పు ఒప్పుకోవడానికి పట్టే టైములో అతను దిద్దుబాటు ఆలోచించేస్తాడు.

"చేయవచ్చు" అన్నాడు. "కళీలన్నీ విప్పేసి, ఒక్కొక్కదాని మధ్య కొత్త ముక్క పెడితే వెడల్పొస్తుంది. గోడ కింద ఇంకో అడ్డపట్టీ వేస్తే ఎత్తొస్తుంది. గుడ్డ కొంచెం మిగిలే ఉంది. మనం కూర్చుంటే గ్రున్వాల్డ్‌కి అయిపోతుంది."

"మనం అంటే ఎవరు నాన్నా?" అంది ఇగా.

"మనం అంటే మనమే. నేను విప్పుతాను. అమ్మ, నానమ్మ..."

"విప్పడానికి నువ్వు సిద్ధం. అది తెలిసిందే" అన్నారు అత్తగారు. "గ్రున్వాల్డ్ ఇంక నెత్తి మీదికొచ్చింది. రెనాతా వేళ్ళు చూశావా? బంగాళదుంపలు తురిమే పళ్ళెంలా ఉన్నాయి."

"రెనాతా, నువ్వేమంటావు? నీ కోసమే కదా ఈ గుడారం."

నేను మంచం చీలలు బిగించి లోపలికి తోశాను. స్తంభానికి ఒక పక్కగా సరిగ్గా పట్టింది, తల దగ్గరా కాళ్ళ దగ్గరా జానెడు చొప్పున మిగిలింది. రెండో పక్క ఇంకోటి వేద్దామంటే తలుపుకి అడ్డం. చాప పరుద్దామన్నా కాళ్ళు బయట ఉండాలి. తలుపు తెర దించి పడుకున్నాను.

బయట ముగ్గురూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. గుడ్డ మందం వల్ల మాటలు కొంచెం దూరంగా వినబడుతున్నాయి. అడ్డపట్టీ ఎరుపుదా తెలుపుదా అని జెనోన్ అడుగుతున్నాడు. తెల్లది మీ నాన్న శవం మీద కప్పడానికి కొన్నది మిగిలింది, ఇస్తాను తీసుకో అని అత్తగారు అంటున్నారు. ఎండ చారల్లోంచి దిగి నా చేతుల మీద ఎర్రగా, తెల్లగా పడింది. మోకాళ్ళు పైకెత్తాను. పక్కకి ఒత్తిగిల్లాను. ఎవరి మోచెయ్యీ తగల్లేదు. నడుముకి మంచం పట్టీ సరిగ్గా ఆనింది. లేచి కూర్చుంటే తలపైన ఇంకా చోటుంది. రోజంతా బాన దగ్గర నిలబడి వచ్చి, చెప్పులు విప్పి, గౌను తీసి ఆ స్తంభానికి తగిలించి, తీరిగ్గా జడ విప్పుకోవచ్చు. రాజుగారు వంగకుండా దూరలేని చోట నేను హాయిగా పడుకోగలను.

లేచి వంగి బయటికొచ్చాను. చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాను. అత్తగారు నా కంచంలో సలాడ్ వడ్డించారు. జెనోన్ అప్పటికే కాగితం మీద కొత్త కళీల బొమ్మ గీస్తున్నాడు. ఇగా సాసేజీ ముక్క పట్టుకుని, నేను ఏదో అంటానని చూస్తోంది.

"ఆ కాగితం పక్కన పెట్టి తిను" అన్నాను.

"ఒక్క నిమిషం. ఈ ముక్క వెడల్పు ఒకటింబావు మూర అనుకో..."

"ఏ ముక్కా వద్దు. ఒక్క కుట్టు కూడా విప్పడం లేదు."

పెన్సిలు ఆగింది. "మరి గ్రున్వాల్డ్‌కి రావా?"

"వస్తాను. గుడారం ఇలాగే వస్తుంది. ఇందులో ఒక మంచం పడుతుంది, అది నాది. నువ్వు బోగుష్ గుడారంలో నీ చోట్లో పడుకో. ఇగా, నీకు పక్క దళంలో బాణాలు వేసే అమ్మాయిల గుడారంలో చోటడుగుతాను. ఎలాగూ నువ్వు వాళ్ళ దగ్గరే తిరుగుతావు."

"నాకేం అభ్యంతరం లేదు" అంది ఇగా చాలా త్వరగా.

జెనోన్ గుడారం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "వారమంతానా?"

"వారమంతా. పైయేడు కూడా. నీకు గుడారం కావాలంటే చలికాలంలో గుడ్డ తెచ్చుకో, సూదులు ఇస్తాను." దోసకాయల గిన్నె అతని వైపు జరిపాను. "తలుపుకి లోపలినుంచి కట్టుకునే తాళ్ళు లేవు. తినేసి అవి కుడతాను. మీరు ముగ్గురూ ఈ గిన్నెలు కడగండి."